గంజి లేని సైజింగు

పోయిన నెల పుస్తకం అందిన రెండో రోజే నెల్లూరుపేట నుంచి ఒక అక్క ఫోన్ చేసింది. "అన్నా, మా మనవడు లేతు షాపులో చేరినాడు గదా. రాత్రి అన్నం తింటా ఈ రోజంతా సైజింగే, రేపు ఫినిషింగు అంటా ఉండాడు. ఇనుముకు గంజి ఎందుకు పెడతారు?" అని అడిగింది. ఆమె ఇంటాయన బతికినంత కాలం మిల్లులో సైజింగు డిపార్టుమెంటులోనే పని చేసినాడు. గంజి ఆవిరిలో నానిన మనిషి. ఆమెకు ఆ మాట అట్లా వినపడటంలో తప్పేమీ లేదు. మనకు సైజింగు అంటే పడుగుకు గంజి పట్టించడం, ఫినిషింగు అంటే నేసిన గుడ్డను ఉతికి, తెలుపు చేసి, క్యాలెండర్ రోళ్ళ మధ్య నడపడం. లేతు షాపులో ఆ రెండు మాటలకూ అర్థం వేరు. సైజింగు అంటే రంధ్రాన్ని గానీ కమ్మీని గానీ సరిగ్గా కావలసిన కొలతకు తేవడం. ఫినిషింగు అంటే ఆ కొలత చెడకుండా చివరి నునుపు తీయడం.

ఈ మాటలు ఇప్పుడు మన ఇండ్లలో ఎక్కువగా వినపడతాయి. మన పిలకాయలు మగ్గం దగ్గరికి రావడం తగ్గిపోయింది. గుడియాత్తం లుంగీ పేరు ఊరూరా ఉన్నా, ఆ లుంగీ నేసే ఇంట్లో పుట్టిన పిల్లోడు ఐ.టి.ఐ. చదివి కాట్పాడికో, వేలూరుకో, రాణిపేటకో పోయి లేతు ముందర నిలబడుతున్నాడు. అరవంలో కడైసల్ పని అంటారు దీన్ని. కాబట్టి ఈ నెల దీని గురించే రాస్తాను. నేను చదివింది అయిదో క్లాసు. అయితే మగ్గాల షెడ్డులో జాబర్‌గా ఏళ్ళ తరబడి బుష్‌లు మార్చినవాడిని, బుష్ అంటే ఏందో చేతికి తెలుసు. మిగతాది మా ఊరి లేతు మేస్త్రీ పక్కన స్టూలు వేసుకోని కూర్చోని చూసింది.

పని కూడా కళ్ళముందర జరిగినదే చెబుతాను. మా మిల్లులో నాతోపాటు పని చేసిన అన్న ఒకాయన, నాకంటే నాలుగేళ్ళు పెద్ద, రిటైరైనప్పుడు వచ్చిన గ్రాట్యుటీ డబ్బుతో కౌండిన్య ఏటి పక్కన ఎకరం లోపు నేల కొన్నాడు. గ్రాట్యుటీ సంగతి మీకు తెలుసు, అప్పుడు 1972 చట్టం ప్రకారం ఏడాదికి 15 రోజుల జీతం లెక్కగా ఉండేది. జీవితమంతా చేసిన పని ఆ ఒక్క చెక్కులో ఉంటుంది. బావికి కరెంటు కనెక్షన్ రాసి పెట్టి ఎదురు చూస్తా, అంతవరకూ నడవనీ అని పాత డీజిల్ ఇంజన్ ఒకటి కొన్నాడు. ఒక సిలిండర్, నీళ్ళతో చల్లబడే రకం. దాని మీదనే ఆ ఇంట్లో కూరగాయలు, మల్లెపూలు, కోడలి కుట్టు మిషన్ వాయిదా కూడా నడిచేది.

2021 నవంబరులో మోర్ధానా డ్యాము నిండి పారి కౌండిన్య పొంగింది గదా. గుడియాత్తంలో ఏటి ఒడ్డున ఉన్నవాళ్ళకు ఆ రోజులు ఎవరూ గుర్తు చేయనక్కరలేదు. ఇంజన్ కొట్టం మునిగింది. నీళ్ళు దిగినాక చూస్తే ఇంజన్ బురదలో పాతుకోని ఉంది. తీసి, కడిగి, ఆయిల్ మార్చి, చేత్తో తిప్పితే తిరగలా. తల విప్పి చూస్తే పిస్టన్ కాదు, ట్యాపెట్ పట్టుకోని ఉంది. తుప్పు పట్టి బ్లాకులోనే బిగుసుకుపోయింది. వచ్చిన మెకానిక్ దాన్ని సుత్తితో కొట్టి బయటికి తీసినాడు. ట్యాపెట్ వచ్చింది, దానితోపాటు రంధ్రం గోడ కూడా గీరుకుపోయింది.

ఇక్కడ ట్యాపెట్ అంటే ఏందో చెప్పాలి, ఎందుకంటే మన షెడ్డులో ట్యాపెట్ వేరు. పవర్‌లూమ్‌లో ట్యాపెట్ అంటే బాటమ్ షాఫ్టు మీద కూర్చున్న గుండ్రంకాని చక్రం. అది తిరుగుతా ట్రెడిల్‌ను నొక్కితే హీల్డు దిగుతుంది, పడుగు నోరు తెరుచుకుంటుంది, నాడె దూరుతుంది. ఇంజన్‌లో ఆ గుండ్రంకాని చక్రాన్ని కామ్ అంటారు. దాని మీద నిలబడి పైకీ కిందికీ ఆడే చిన్న ఇనుప గిన్నెలాంటిదాన్ని ట్యాపెట్ అంటారు. కొందరు లిఫ్టర్ అని కూడా అంటారు. కామ్ దాన్ని లేపితే, అది పుష్‌రాడ్‌ను నెడుతుంది, పుష్‌రాడ్ రాకర్‌ను తిప్పుతుంది, రాకర్ వాల్వ్‌ను తెరుస్తుంది. పేరు మారిందే గానీ పని మన పనే.

ఇంకో చిత్రం చెబుతాను. సాదా నేతలో క్రాంక్ షాఫ్టు రెండు చుట్లు తిరిగితే బాటమ్ షాఫ్టు ఒక చుట్టు తిరుగుతుంది. నాలుగు స్ట్రోకుల ఇంజన్‌లో కూడా క్రాంక్ రెండు చుట్లకు కామ్‌షాఫ్టు ఒక్క చుట్టే. పండ్లు లెక్కపెట్టి చూడండి, పెద్ద చక్రానికి చిన్న చక్రం కంటే రెండింతలు. మగ్గం తెలిసినవాడు ఇంజన్ దగ్గర భయపడాల్సిన పని లేదని నేను పిలకాయలకు చెప్పేది ఇందుకే.

సరే, రంధ్రం పాడైతే ఏమవుతుంది? ట్యాపెట్ ఊరికే ఎక్కి దిగేది మాత్రమే కాదు, మెల్లగా తనచుట్టూ తాను తిరుగుతుంది కూడా. కామ్ మొనకు కొంచెం వాలు, ట్యాపెట్ అడుగుకు కొంచెం ఉబ్బు పెట్టి అట్లా తిరిగేటట్టు చేస్తారు. తిరిగితే అరుగుదల అంతటా సమానంగా పడుతుంది. రంధ్రం గీరుకుపోయినా, కోడిగుడ్డు మాదిరి అయినా ట్యాపెట్ తిరగడం ఆగిపోతుంది. ఒకే చోట రాసుకోని రాసుకోని దాని అడుగూ తింటుంది, కామ్ మొననూ తింటుంది. ఆ ఇనుప పొడి అంతా ఆయిల్లో కలిసి బేరింగుల్లోకి పోతుంది. రంధ్రం వదులైతే, ఆ దారిలో ఆయిల్ నడిచే ఇంజన్లలో ప్రెషర్ కూడా తగ్గుతుంది. కాబట్టి కొత్త ట్యాపెట్ ఒకటి కొని గీరిన రంధ్రంలో వేసి నడుపుకుందామంటే కుదరదు.

మొదట చూపించిన షాపులో ఒకే మాట అన్నారు. బ్లాకు పారేసి వేరే ఇంజన్ కొనుక్కో, పాతది తూకానికి మేమే తీసుకుంటాం అని. ఇంకో చోట ఒకాయన కర్రకు ఎమరీ కాగితం చుట్టి, డ్రిల్లింగు మిషన్‌కు తగిలించి, పది నిమిషాల్లో సాపు చేసి ఇస్తానన్నాడు. నా మాట అడిగితే, ఈ రెండోది మొదటిదాని కంటే చెడ్డది. ఎమరీ కాగితం మెత్తని చోటును ఎక్కువ తింటుంది, గట్టి చోటును వదిలేస్తుంది. నోటి దగ్గర వెడల్పు, మధ్యలో ఇరుకు అవుతుంది. దాని రవ్వ ఇనుములో కూరుకోని ఆ తరవాత ట్యాపెట్‌ను అరగదీస్తానే ఉంటుంది.

మా ఊరి మేస్త్రీ బ్లాకును బోర్లా పెట్టి, లోపల వేలు తిప్పి, వెలుగు వేసి చూసి "బుష్ దిగుతుంది మామా, చుట్టూ మాంసం ఉండాది" అన్నాడు. మాంసం అంటే రంధ్రం చుట్టూ ఉన్న ఇనుము మందం. అది పల్చగా ఉంటే, బోరు పెద్దది చేసేటప్పుడు నీళ్ళ గదిలోకి చిల్లు పడుతుంది. అప్పుడు బ్లాకు నిజంగానే తూకానికి పోవాల్సిందే. ఈ ఒక్క సంగతి చూడకముందే ధర మాట్లాడే షాపును నమ్మొద్దు.

పని ఇట్లా జరిగింది. ముందు బ్లాకు కడిగి బోరింగు మిషన్ మీద బిగించినాడు. రంధ్రం గీరుకుపోయింది గాబట్టి దాని గోడను చూసి మధ్య పట్టుకోలేదు. గీరని అడుగు భాగాన్నీ, పక్కన బాగున్న ఇంకో ట్యాపెట్ రంధ్రాన్నీ, కామ్‌షాఫ్టు వరసనూ చూసి నడిబిందువు పట్టినాడు. దీనికే సగం పొద్దు పోయింది. అన్న విసుక్కున్నాడు, ఇంకా కోయనే లేదే అని. నాకు మాత్రం బాగా అనిపించింది. మగ్గం బిగించేటప్పుడు లెవెలు చూడకుండా బోల్టులు బిగించినవాడు తరవాత నెలంతా నాడె ఎగిరిపడిందని ఏడుస్తాడు. ఇదీ అంతే. రంధ్రం వాలితే ట్యాపెట్ కామ్ మీద ఒక పక్కనే నిలబడుతుంది.

బుష్ ఫాస్ఫర్ బ్రాంజుది చేసినాడు. మన మగ్గాలకు వేసేది గన్‌మెటల్, రాగి 88 పాళ్ళు, తగరం 10, జింకు 2 అని పాత లెక్క. రెండూ కంచు జాతే. ఉక్కు దాని మీద జారితే పట్టుకోదు. నూనె పీల్చుకున్న పొడికంచు బుష్‌లు కూడా బజారులో దొరుకుతాయి, ఫ్యాన్లకు వేసేవి. వాటిని లోపల రాళ్ళతో అరగదీస్తే నూనె వచ్చే సన్నని రంధ్రాలు మూసుకుపోతాయి. ఇంజన్ దెబ్బలకు అవి పనికిరావని మేస్త్రీ పక్కన పెట్టినాడు.

ఇప్పుడు కొలతల మాట. లేతువాళ్ళు థౌ అంటారు, అంగుళంలో వెయ్యో వంతు. మిల్లీమీటర్లలో 0.0254. మన తల వెంట్రుక ఒకటి రెండు నుంచి నాలుగు థౌల దాకా ఉంటుంది. ఈ పని అంతా ఆ వెంట్రుక లోపల జరిగేదే.

బుష్ బయటి కొలత 28 మిల్లీమీటర్లు, దాన్ని కూర్చోబెట్టే రంధ్రం కంటే ఒకటిన్నర థౌ ఎక్కువ ఉంచినాడు. ఎక్కువ ఉంటేనే బిగువు. మరి దిగేదెట్లా? అన్న ఇంట్లో ఫ్రిజ్‌లో, ఐసు గదిలో, రాత్రంతా పెట్టినాడు. వదిన పొద్దున్నే పాలు తీయబోయి ప్లాస్టిక్ కవర్లో కంచు ముక్క చూసి "ఇదేం పలహారం" అన్నది. అది ఉత్త ఆచారం కాదు. అంత లావు కంచు 50 డిగ్రీలు చల్లబడితే దాదాపు ఒక థౌ తగ్గుతుంది. అందుకే మెట్టు ఉన్న గుజ్జుతో, ప్రెస్సు మీద, సుత్తి దెబ్బ లేకుండా దిగింది. దించేముందు ఆయిల్ రంధ్రం ఎటు వైపు రావాలో బుష్ మీదా బ్లాకు మీదా పెన్సిలు గీత పెట్టుకున్నాడు. ఆ గీత తప్పి బుష్ ఆయిల్ దారిని మూసేస్తే ఎంత నునుపు తీసినా పది రోజుల్లో ఎండిపోయి పట్టేస్తుంది.

పిలకాయలు బాగా గమనించాల్సింది ఈ తరవాతిది. బుష్‌ను బిగించి దించితే అది బయట నుంచి నలుగుతుంది, కాబట్టి లోపలి రంధ్రం చిన్నదవుతుంది. ఇక్కడ ఒక థౌ దాకా చిన్నదైంది. అన్ని చోట్లా సమానంగా కూడా కాదు. అందుకే లోపలి కొలతను ముందే తుదికంటా చేసి దించకూడదు. మేస్త్రీ లోపల 8 థౌలు తక్కువగా ఉంచి దించినాడు. దించినాకే సైజింగు.

సైజింగుకు రీమర్ వేసినాడు. రీమర్ అంటే చుట్టూ నిలువు కత్తులున్న కమ్మీ, రంధ్రాన్ని కొంచెం కొంచెంగా గీకి కొలతకు తెస్తుంది. దాని కత్తులు ఒకదానికొకటి సమాన దూరంలో ఉండవు, కావాలనే అట్లా చేస్తారు, లేకపోతే వణికి గోడమీద అలలు పడతాయి. కంచుకు రీమర్ బాగా వాడిగా ఉండాలి, మొద్దుదైతే కోయకుండా ఒత్తి జారుతుంది. నూనె ధారగా పడాలి. ఎప్పుడూ ఒకే వైపు తిప్పాలి. బయటికి తీసేటప్పుడు కూడా వెనక్కి తిప్పకూడదు. వెనక్కి తిప్పితే రజను కత్తికీ గోడకూ మధ్య ఇరుక్కోని ఒక్క క్షణంలో గీత పడుతుంది, రీమర్ మొన కూడా విరుగుతుంది. పని నేర్చుకునే అబ్బోడు ఒకడు పక్కన ఉన్నాడు. మేస్త్రీ వాడి చేతికే రీమర్ ఇచ్చి, వాడి చెయ్యి పైన తన చెయ్యి పెట్టి తిప్పించినాడు. రెండో రంధ్రం వాడే ఒంటరిగా చేసినాడు. అట్లాంటి మేస్త్రీలు అన్ని షాపుల్లోనూ ఉండరు.

రీమరుతో కొలతకు ఒక థౌ తక్కువలో ఆపినారు. ఆ చివరి థౌ హోనింగుది, అదే ఫినిషింగు. సన్న రాళ్ళు బిగించిన హోను తిరుగుతా పైకీ కిందికీ పోతుంది, గోడ మీద అడ్డగీతలు పడతాయి, మన నేతలో పడుగూ పేకా దాటుకున్నట్టు. ఆ గీతల్లోనే ఆయిల్ నిలుస్తుంది. అద్దంలా మెరిసేటట్టు చేస్తే చూడ్డానికి బాగుంటుంది గానీ ఆయిల్ నిలవదు. రాళ్ళు రంధ్రం చివర నుంచి ఎక్కువ బయటికి వస్తే గంట మూతిలాగ నోరు విచ్చుకుంటుంది. ఒకే చోట ఆపితే నడుం దగ్గర గుంట పడుతుంది.

నాలుగు సార్లు నడపడం, ఆపడం, తుడవడం, కొలవడం. కొలిచేముందు చల్లారనిచ్చేవాడు. ఫ్రిజ్‌లో కంచు తగ్గింది గదా, రాళ్ళ రాపిడి వేడికి పెరుగుతుంది కూడా. వేడిమీద సరిపోయిన రంధ్రం చల్లారినాక బిగుతవుతుంది. బోర్ డయల్‌తో పైన, నడుమ, కింద, మళ్ళీ అడ్డంగా తిప్పి మూడు చోట్లా చూసినాడు. ట్యాపెట్ కొలతకు పైన ఒకటిన్నర థౌ సందు ఇచ్చినాడు. మామూలుగా ఇట్లాంటి చోట ఒకటి నుంచి రెండు థౌల లోపల ఉంచుతారు, ఆ ఇంజన్ పుస్తకం ఏం చెబితే అదే చివరి మాట. కంచు వేడికి పోత ఇనుము కంటే ఒకటిన్నర రెట్లకు పైగా పెరుగుతుంది, అందుకని మరీ బిగువుగా ఇవ్వలేదు.

గంజి సంగతి తెలిసినవాళ్ళకు ఇది కొత్త కాదు. గంజి తక్కువైతే పడుగు పోగు మగ్గం మీద పుటుక్కుమని తెగుతుంది, ఎక్కువైతే పెళుసెక్కి విరుగుతుంది. ఆ నడుమ ఉన్న కొంచెం చోటే సైజింగు పనివాడి బతుకు.

చివరకు బ్లాకును వేడి నీళ్ళు, సబ్బు, బ్రష్షు పెట్టి కడిగినారు. కిరసనాయిలుతో తుడిస్తే చాలదా అని అన్న అడిగినాడు. చాలదు. రాయి పొడి గీతల్లో కూర్చోని ఉంటుంది, సబ్బు నీళ్ళే దాన్ని లేపుతాయి. తెల్ల గుడ్డతో తుడిస్తే గుడ్డ తెల్లగానే ఉండాలి. వెంటనే ఆరబెట్టి నూనె పూయాలి, లేకపోతే గంటలో తుప్పు తేలుతుంది. ఆ తరవాత ట్యాపెట్‌కు పల్చని నూనె రాసి పై నుంచి వదిలితే అది దబ్బున పడలేదు, ఆగనూ లేదు, తన బరువుతో తాను మెల్లగా దిగింది. వేలితో తిప్పితే తిరిగింది. అన్న ఏం మాట్లాడలా. జేబులోంచి బీడీ తీసి, షాపులో తాగకూడదని గుర్తొచ్చి, మళ్ళీ పెట్టుకున్నాడు.

ఈ బుష్ పని మన పక్క పాత ఇంజన్లకే అనుకోవద్దు. అమెరికాలో వి-8 అనే ఎనిమిది సిలిండర్ల ఇంజన్లకు ట్యాపెట్లు 16. పందెం కార్లవాళ్ళు కొత్త బ్లాకులో కూడా ఆ 16 రంధ్రాలనూ పెద్దవి చేసి కంచు బుష్‌లు దించుతారు. ఫ్యాక్టరీలో తొలిచిన రంధ్రాలు వెంట్రుకంత అటూ ఇటూ ఉంటే వాల్వ్ తెరుచుకునే వేళ మారుతుందని వాళ్ళ లెక్క. షెవర్లే రకానికి ట్యాపెట్ 0.842 అంగుళం. మన ఊళ్ళలో తిరిగిన అంబాసిడర్ పెట్రోలు ఇంజన్‌లో కూడా ట్యాపెట్లు బుష్ లేకుండా బ్లాకులోనే జారేవి. ఆ కారు తయారీ 2014లో ఆగిపోయింది. ఉన్న బండ్లను నడిపించేది ఇట్లాంటి షాపులే.

లేతు షాపులో పిల్లోణ్ణి చేర్చే తల్లిదండ్రులకు రెండు మాటలు. జీతం ఎంత అని అడిగేముందు, మైక్రోమీటర్ వాడి చేతికి ఎప్పుడు ఇస్తారు అని అడగండి. కొన్ని షాపుల్లో రెండేళ్ళయినా రజను ఊడ్పించడం, టీ తెప్పించడం తప్ప ఇంకేం ఉండదు. కొలవడం రానివాడు ఎన్నేళ్ళున్నా కూలీయే. కొలవడం వస్తే షాపు మూతపడినా ఇంకో షాపు వాణ్ణి పిలుస్తుంది. మన మిల్లులు మూసినప్పుడు జాబర్లకూ ఫిట్టర్లకూ పని దొరికింది, డాఫింగు చేసినవాళ్ళకు దొరకలేదు, మీకు గుర్తుండే ఉంటుంది.

రెండోది బట్టలు. లుంగీ మన ఊరి పేరే, అయినా లేతు ముందర లుంగీ కట్టుకోని నిలబడొద్దు. భుజాన తుండుగుడ్డ వద్దు, వదులు చేతుల చొక్కా వద్దు. తిరిగే డ్రిల్లు దగ్గర చేతికి గ్లౌజు కూడా వద్దు, అది వేలిని పట్టుకోని లోపలికి లాగుతుంది. కళ్ళద్దాలు మాత్రం తప్పకుండా పెట్టించండి. కంచు రజను సూదిలాగ ఎగురుతుంది. దూదిదుమ్ము మన ఊపిరితిత్తుల్ని తిన్నది మెల్లగా, ఏళ్ళ మీద. ఇది కంటిని ఒక్క క్షణంలో తింటుంది.

అన్న ఇంజన్ మళ్ళీ బావి దగ్గర కూర్చుంది. మొదటి రోజు అరగంట బరువు లేకుండా నడిపినారు. తరవాత ట్యాపెట్ సందు మళ్ళీ చూసి సరిచేసినారు. 10 గంటలు నడిచినాక ఆయిల్ దించితే అడుగున పసుపు మెరుపు కొంచెం కనపడింది, కొత్త బుష్‌కు అది మామూలే. కొత్త ఆయిల్ పోసినారు. 50 గంటలకు మళ్ళీ దించి చూడమని మేస్త్రీ చెప్పినాడు, ఆ తేదీని వదిన వంటింటి క్యాలెండర్ మీద రాసి పెట్టింది.